సీతాఫలం మానిపిస్తే నాన్న చేతి వణుకు తగ్గుతుందా?

పరకాల_కొడుకు
నాన్నకు 63 ఏళ్లు. జీవితమంతా పత్తి సేద్యమే. ఏడాదిగా ఎడమ చేయి ఒళ్లో ఊరికే పెట్టుకున్నప్పుడే వణుకుతోంది. బొటనవేలు, చూపుడువేలు కలిపి మందు గోళీ చుడుతున్నట్టు కదులుతాయి. సంతకం చీమల బారులా చిన్నదైపోయింది. న్యూరాలజిస్టు పార్కిన్సన్స్ అని చెప్పి సిండోపా (లెవోడోపా ఉన్న మాత్ర) రాశారు. నావి మూడు సందేహాలు. మాత్ర అన్నానికి ముందా, తరువాతా? నాకూ చెల్లికీ జన్యు పరీక్ష అవసరమా? మా వాడకట్టులో ఒకాయన సీతాఫలం వల్లే ఈ జబ్బు వస్తుందని, మానిపించమని అంటున్నారు. దసరా రోజుల్లో ఆ పండు లేనిదే నాన్నకు పొద్దు గడవదు. నిజమేనా?

హనుమకొండ_రాణి
తమ్ముడూ, మా అమ్మకు పదకొండో ఏడు. వణుకుకు భయపడకు, భయపడాల్సింది కాలు అతుక్కుపోవడానికి. గడప దగ్గరికి రాగానే అమ్మ పాదాలు నేలకు మేకు కొట్టినట్టు ఆగిపోయేవి. రెండుసార్లు పడింది, తుంటి విరగలేదంటే మా అదృష్టం. గడప ముందు ముగ్గుపిండితో అడ్డగీతలు గీశాను. వాటిని దాటుతూ నడిచి వస్తుంది. వట్టి నేల మీద కదలని కాలు గీత కనిపిస్తే లేస్తుంది!

నర్సంపేట_మందులషాపు
ఇరవై ఎనిమిదేళ్లుగా షాపు నడుపుతున్నాను. ఎందరి చేతులు వణుకుతుంటే చూశానో లెక్కలేదు. ముందు మీ నాన్నగారి మాత్రల సంచి బోర్లించండి. గ్యాస్‌కని లెవోసల్పిరైడ్ ఉన్న మాత్ర, తలతిరుగుడుకని సిన్నరిజైన్ లేదా ఫ్లూనరిజైన్ నెలల తరబడి వాడితే అచ్చం పార్కిన్సన్స్‌లాగే రావచ్చు. అవి మెదడులో కదలికలను నడిపే డోపమైన్ అనే రసాయనం పనికి అడ్డుపడతాయి. వైద్యుడు చూసి ఆపిస్తే చాలామందికి కొన్ని నెలల్లో తగ్గుతుంది. ఈ సంగతి అడిగేవారే లేరు.

గూడూరు_లక్ష్మి
సీతాఫలం మీద ఈ నింద ఎవరు పుట్టించారు? మా అమ్మ అడవిలో కాయలు కోసి, గంపలో మాగబెట్టి, రోడ్డు పక్కన అమ్మి మమ్మల్ని చదివించింది. మా తాత, ముత్తాత అదే తిని ఎనభై దాటారు. ఇలాంటి మాట ఒకటి ఫోన్లలో తిరిగితే ఆ ఏడాది గంపలు నిండినవి నిండినట్టే ఉంటాయి. ఆధారం ఉంటే చూపండి.

ములుగు_జీవశాస్త్రం_మాస్టారు
ఆధారం ఉందమ్మా, కానీ అది సీతాఫలం గురించి కాదు. కరీబియన్ సముద్రంలో గ్వాడెలూప్ అనే ఫ్రెంచి దీవి ఉంది. అక్కడ లెవోడోపాకు సరిగా లొంగని ఒక రకం పార్కిన్సనిజం, అంటే పార్కిన్సన్స్‌ను పోలిన జబ్బు, అసాధారణంగా ఎక్కువగా కనిపిస్తోందని 1999లో వైద్యులు ప్రకటించారు. ఆ రోగుల్లో చాలామందికి లక్ష్మణఫలం తినడం, దాని ఆకుల కషాయం తాగడం అలవాటు. అందులోని అనోనాసిన్ అనే రసాయనం నాడీకణాల శక్తి యంత్రాన్ని దెబ్బతీస్తుందని ప్రయోగశాలలో తేలింది. సీతాఫలం ఆ కుటుంబపు చెట్టే కాబట్టి ఎవరో ముడిపెట్టేశారు.

గూడూరు_లక్ష్మి
కుటుంబం ఒకటైతే నేరం ఒకటవుతుందా మాస్టారూ? మీరే ఇలా రాస్తే చదివినవారు సగమే గుర్తుంచుకుంటారు.

ములుగు_జీవశాస్త్రం_మాస్టారు
అందుకే స్పష్టంగా చెబుతున్నాను. సీజన్లో రోజుకో సీతాఫలం తినేవారికి ఈ జబ్బు వస్తుందని ఎవరూ నిరూపించలేదు. నా ఆందోళన వేరే. క్యాన్సర్ తగ్గుతుందని లక్ష్మణఫలం ఆకులు మరిగించి ఏళ్లకేళ్లు తాగుతున్నవారు మన జిల్లాల్లోనే ఉన్నారు. ఆపండి అని చేతులెత్తి వేడుకుంటున్నాను.

భూపాలపల్లి_రాజేష్
పండు మీద ఇంత పంచాయితీ చేస్తున్నారు, పురుగుమందు డబ్బా గురించి ఒక్కరూ నోరెత్తరు! పత్తి చేలో చేతికి తొడుగు లేకుండా, మూతికి తువ్వాలు చుట్టుకుని పిచికారీ చేసిన మనిషి గురించి కదా అడిగింది? గడ్డిమందు పారాక్వాట్‌కూ పార్కిన్సన్స్‌కూ సంబంధం ఉందని ఎన్నో పరిశోధనలు సూచించాయి. ఫ్రాన్స్ 2012లోనే పురుగుమందులు వాడిన రైతుకు వచ్చే పార్కిన్సన్స్‌ను వృత్తి వ్యాధిగా గుర్తించింది. అక్కడి రైతుకు పరిహారం దక్కుతుంది, మన రైతుకు మాత్రల ఖర్చు మిగులుతుంది.

నర్సంపేట_మందులషాపు
అలా అయితే మన ఊళ్లలో ప్రతి పత్తి రైతు చేయీ వణకాలి. నేను కళ్లారా చూసింది చెబుతున్నాను.

భూపాలపల్లి_రాజేష్
బీడీ తాగే ప్రతివాడికీ క్యాన్సర్ రాదు, అంతమాత్రాన బీడీ మంచిదవుతుందా? పురుగుమందు పడి మా పెదనాన్న రెండుసార్లు ఆస్పత్రి పాలయ్యారు, యాభై ఎనిమిదో ఏట చేయి వణకడం మొదలైంది. మీరు కౌంటరు వెనక నుంచి చూశారు, నేను ఆయనకు అన్నం తినిపించాను.

కరీంనగర్_అగర్వాల్
జన్యు పరీక్ష మాటను అందరూ దాటేశారు. మా తాతగారు వ్యాపారం కోసం వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. మా అమ్మ చేతి వణుకును నాలుగేళ్లు పార్కిన్సన్స్ అనే అనుకున్నారు. సిండోపాతో ఏమాత్రం తేడా లేదు. తరువాత మాట, నడక తూలడం మొదలైంది. జన్యు పరీక్షలో ఎస్‌సీఏ 12 అని తేలింది, అంటే వంశపారంపర్యంగా వచ్చే, శరీరం అదుపు తప్పే ఒక రకం అటాక్సియా జబ్బు. ఈ అటాక్సియా భారతదేశంలో ఎక్కువగా మా అగర్వాల్ కుటుంబాల్లోనే కనిపిస్తుంది, తరచుగా చేతుల వణుకుతోనే మొదలవుతుంది. ఆ నాలుగేళ్లు ఇప్పటికీ నా గుండెలో ముల్లే. కుటుంబంలో ఇంకెవరికైనా వణుకు ఉందా, మీరు ఏ సమూహం నుంచి వచ్చారు అన్నది మీరే వైద్యుడికి చెప్పండి.

ములుగు_జీవశాస్త్రం_మాస్టారు
మంచి మాట. పార్కిన్సన్స్‌తో సంబంధం ఉన్న ఎల్‌ఆర్‌ఆర్‌కే 2 జన్యువులో జి2019ఎస్ అనే మార్పు అష్కెనాజీ యూదుల్లో, ఉత్తర ఆఫ్రికా బెర్బర్ అరబ్బుల్లో ఎక్కువ, మనవారిలో చాలా అరుదు. ముంబయి పార్సీ కాలనీల్లో ఇంటింటికీ తిరిగి చేసిన సర్వేలో లక్షకు 328 మందికి పార్కిన్సన్స్ ఉందని 1988లో ప్రచురించారు. అది పెద్ద అంకే, కానీ వారిలో వృద్ధులు ఎక్కువ, వయసు పెరిగేకొద్దీ పెరిగే జబ్బు ఇది. పరకాల బాబూ, అరవై దాటాక మొదలై, ఇంట్లో ఇంకెవరికీ లేకపోతే మీ ఇద్దరికీ పరీక్ష కోసం తొందర అవసరం లేదు.

హనుమకొండ_రాణి
మాత్ర సంగతి నేనే మరిచాను. అన్నానికి కనీసం అరగంట ముందు. వికారం వస్తే ఒక బిస్కెట్టుతో ఇవ్వు, పప్పుతో మాత్రం వద్దు. పప్పు, గుడ్డు, మాంసంలోని ప్రోటీను మందుతో పోటీపడి దాన్ని మెదడుకు సరిగా చేరనివ్వదు. మేము పప్పు రాత్రికి పెట్టుకున్నాం. రక్తహీనతకు ఇనుము మాత్ర ఉంటే దానికీ దీనికీ గంటల ఎడం ఉండాలి. దూలగొండి గింజల పొడి ఎవరైనా అంటగడితే తీసుకోకు. అందులో ఉండేదీ లెవోడోపానే, సిండోపా పైన అది కలిస్తే మోతాదు ఎంతో ఎవరికీ తెలియదు. అమ్మకు అలా మూడు రోజులు లేనిపోనివి కనిపించాయి.

పరకాల_కొడుకు
మాత్రల సంచి బోర్లించాను. గ్యాస్ మాత్ర రేకు మీద లెవోసల్పిరైడ్ అనే ఉంది. ఎనిమిది నెలలుగా వాడుతున్నారు. న్యూరాలజిస్టుకు మేము చెప్పలేదు, ఆయన అడగలేదు. కానీ వణుకు ఏడాది నుంచి ఉంది కదా?

నర్సంపేట_మందులషాపు
అసలు జబ్బు ముందే ఉండి, ఇది దాన్ని పెంచి ఉండవచ్చు. ఆ రేకు తీసుకుని రేపే వెళ్లండి, సిండోపాను మాత్రం మీ అంతట మీరు ఆపవద్దు. రాజేష్ గారూ, మీ పెదనాన్నగారి విషయంలో నేను అలా అనకుండా ఉండాల్సింది.

భూపాలపల్లి_రాజేష్
సరే అన్నా. రాణి అక్కా, పెదనాన్నకు కూడా గడప దగ్గరే కాళ్లు ఆగుతున్నాయి. గీతల మధ్య ఎంత ఎడం ఉంచాలి?

హనుమకొండ_రాణి
ఆయన మామూలుగా వేసే అడుగంత. ముగ్గుపిండి కాలికి అంటుకుంటుంది, తడి తగిలితే జారుతుంది కూడా. ఇప్పుడు నేను తెల్ల టేపు అంటించాను. స్నానాల గది ముందు కూడా వేయి, అమ్మ రెండుసార్లూ అక్కడే పడింది.