ఏడు రోడ్ల దగ్గర పిల్లలతో పాడించి చందాలు: తప్పేముంది?

కారందోసె: ఆదివారం సాయంత్రం కడప ఏడు రోడ్ల దగ్గర ఒక క్రైస్తవ మిషన్ బృందం మైకు, గిటారుతో నిలబడింది. ముందు పదిమంది పిల్లలు, అందరికీ ఒకే గుడ్డ చొక్కాలు. బ్యానర్ మీద 'అనాథ పిల్లల హాస్టల్ స్లాబుకు సాయం చేయండి' అని ఉంది. డబ్బాలో వంద వేసి రసీదు అడిగితే డబ్బా పట్టుకున్నాయన "దేవుడు చూస్తాడు బ్రదర్" అన్నాడు. ఇది సరేనా?

పెన్నాగట్టు: వందకు రసీదా! గుడి హుండీలో వేసినప్పుడు అడిగినావా?

కారందోసె: హుండీ పక్కన పిల్లల్ని నిలబెట్టరన్నా.

బైపాస్‌బాబు: వీళ్లకు అమెరికా డబ్బులు వస్తాయి కదా, మళ్లీ డబ్బా ఎందుకు?

గండికోట82: విదేశీ విరాళం తీసుకోవాలంటే కేంద్రం అనుమతి కావాలి. 2020 సవరణ తర్వాత ఆ డబ్బు ఢిల్లీ స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచి ఖాతాలోనే పడాలి. చిన్న హాస్టళ్ల వల్ల అయ్యే పని కాదు. అందుకే డబ్బా పట్టుకున్నారేమో, దాన్ని తప్పనను. నా గొడవ వేరే. 2015 బాల న్యాయ చట్టం సెక్షన్ 41 ప్రకారం ప్రభుత్వ సొమ్ము తీసుకున్నా లేకున్నా ఇలాంటి హోమ్ నమోదు కావాలి. లేకపోతే ఏడాది దాకా జైలు, లేదా లక్షకు తగ్గని జరిమానా. సెక్షన్ 74 ప్రకారం ఆ పిల్లల్ని గుర్తుపట్టేలా పేర్లు, ఫొటోలు బయటపెట్టకూడదు. అక్కడ జనం ఫోన్లలో వీడియోలు తీస్తుంటే ఒక్కరూ వద్దనలేదు. రిజిస్ట్రేషన్ నంబరు బ్యానర్ మీద ఉందా?

పెన్నాగట్టు: సెక్షన్లు వల్లిస్తే స్లాబు పడుతుందా? జమ్మలమడుగులో క్యాంప్‌బెల్ ఆసుపత్రి కట్టింది మిషనరీలు కాదా?

గండికోట82: ఆసుపత్రి సంగతి ఎవరడిగారు? నంబరు ఉందా లేదా?

పెన్నాగట్టు: నంబరు, నంబరు! ఆకలైనప్పుడు నంబరు తింటారా?

గండికోట82: ఇంత రోషం దేనికి? కమీషన్ ఏమైనా ఉందా?

పెన్నాగట్టు: ఉంది. తొమ్మిదేళ్లు అలాంటి హాస్టల్లో తిన్న బువ్వే నా కమీషన్. నాన్న పోయినాడు, అమ్మ ఇంటిపనికి కువైట్ పోయింది. మా అవ్వకు కళ్లు కనపడవు. పొద్దున రాగి సంగటి, రాత్రి నీళ్ల చారు. ఆ ఫాదరు మమ్మల్ని కొట్టలేదు, పస్తు పెట్టలేదు. మేమూ రాయచోటి బస్టాండులో పాడినాం. ఎవడి మానం పోయింది?

కారందోసె: ఒక్క నిమిషం అన్నా. మీ అమ్మ బతికే ఉంది కదా. బ్యానర్ మీద మిమ్మల్ని ఏమని రాసినారు?

పెన్నాగట్టు: అనాథలని.

కారందోసె: నేనడిగేది అదే. రసీదు కాదు.

పెన్నాగట్టు: అమ్మ ఉందని రాస్తే ఎవడు వేస్తాడు డబ్బాలో? నువ్వు వేస్తావా?

మిట్టూరు టీచరమ్మ: ఇప్పుడు తల్లి ఉండి పోషించలేని పిల్లలకు మిషన్ వాత్సల్య అనే కేంద్ర ప్రభుత్వ పథకం కింద నెలకు 4,000 స్పాన్సర్‌షిప్ ఉంది. ఇంట్లోనే ఉండి చదువుకోవచ్చు. మా బడిలో ఇద్దరికి రాయించాను, ఆఫీసు చుట్టూ తిరగడానికే చెప్పులు అరిగిపోయాయి.

పెన్నాగట్టు: మా అవ్వకు అప్పుడు ఎవరూ రాయించలేదు మేడం.

గండికోట82: కమీషన్ అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. కానీ నంబరు అడగడం మాననబ్బా.

పెన్నాగట్టు: అడుగు. ఇంకొకటి చెప్పి పోతా. అమ్మ సెలవు మీద వచ్చినప్పుడు హాస్టల్ గేటు మీద పోస్టరు చూసింది. నా ఫొటో, కింద 'తల్లిదండ్రులు లేని'. అమ్మకు చదువు రాదు, నన్నే చదవమనింది. నేను నా పేరు మాత్రం చదివినా.

బైపాస్‌బాబు: ఇంతకూ స్లాబుకు ఎంత కావాలంట?