చలికి హైబ్రిడ్ కారు మైలేజీ పడిపోతుందా? మన నల్గొండ చలికి కూడానా?

నల్గొండ టీచర్:
నాది స్ట్రాంగ్ హైబ్రిడ్, అంటే పెట్రోల్ ఇంజిన్‌తో పాటు కొంతదూరం బ్యాటరీ మోటార్ మీద కూడా నడిచే కారు. డిసెంబర్ నుంచి మైలేజీ బాగా తగ్గింది. పొద్దున పిల్లల్ని స్కూల్లో దింపి వచ్చేదాకా ఇంజిన్ ఆగదు, బ్యాటరీ మీద నడుస్తోందని చూపే ఈవీ గుర్తు వెలగదు. సర్వీస్ వాళ్లను అడిగితే "చలికి బ్యాటరీ పనిచేయదు సార్" అన్నారు. నిజమేనా?

సూర్యాపేట డీజిల్:
నిజమే సార్. అమెరికా ప్రభుత్వ లెక్కల ప్రకారం మైనస్ 7 డిగ్రీల చలిలో ఊళ్లో నడిపే మామూలు పెట్రోల్ కారు మైలేజీ సుమారు 15 శాతం తగ్గితే, హైబ్రిడ్‌ది 30 నుంచి 34 శాతం తగ్గుతుంది. లక్షలు ఎక్కువ పోసి కొనడం దండగ.

పాలమూరు గ్యారేజ్:
అన్నా, లెక్క కరెక్టే, కానీ అది మన ఊరి లెక్క కాదు. 25 డిగ్రీలతో మైనస్ 7ని పోల్చి చెప్పింది అది. గడ్డకట్టే చలిలో బ్యాటరీ కరెంటు ఇవ్వడానికీ, తీసుకోవడానికీ మొరాయిస్తుంది, హీటర్ కోసం ఇంజిన్ తిరుగుతూనే ఉండాలి. మన దగ్గర జనవరి తెల్లవారుజామున 13 డిగ్రీలకు దిగితేనే మఫ్లర్లు కట్టుకుంటాం. ఆ చలికి బ్యాటరీ చతికిలపడదు.

టీచర్ గారూ, మీ బండిలో జరిగేది వేరు. రాత్రంతా చల్లబడ్డ ఇంజిన్‌లో ముందు కూలెంట్, పొగను శుద్ధిచేసే కన్వర్టర్ వేడెక్కాలి. అందాకా బ్యాటరీలో చార్జ్ ఉన్నా కంప్యూటర్ ఇంజిన్‌ని ఆపనివ్వదు. స్కూల్ రెండు మూడు కిలోమీటర్లే అయితే, అది వేడెక్కే లోపే మీరు ఇంటికి వచ్చేస్తారు. అదే బండిని జడ్చర్ల నుంచి హైదరాబాద్ హైవే మీద తీసుకెళ్లి చూడండి, తేడా మీకే తెలుస్తుంది. టైర్లలో గాలి కూడా చూపించండి. ఐదారు డిగ్రీలు తగ్గినప్పుడల్లా సుమారు ఒక పాయింట్ (పీఎస్‌ఐ) దిగుతుంది.

సూర్యాపేట డీజిల్:
అంటే రోజూ ఊళ్లోనే చిన్న చిన్న ట్రిప్పులు తిరిగేవాళ్లకు హైబ్రిడ్ దండగేగా? నేనన్నది అదే.

పాలమూరు గ్యారేజ్:
దండగ కాదన్నా. ఇంజిన్ ఒకసారి వేడెక్కాక ఊళ్లో ఆగి ఆగి నడిచేచోటే హైబ్రిడ్‌కి లాభం. బ్రేక్ వేసిన ప్రతిసారీ కొంత చార్జ్ వెనక్కి వస్తుంది. పొద్దున ఆ మొదటి పది నిమిషాలే నష్టం.

నా టెన్షన్ చలి గురించి కాదు, మన మే నెల గురించి. 44, 45 డిగ్రీల ఎండలో నిలబెట్టిన కారులో బ్యాటరీ ఆయుష్షు కరిగిపోతుంది. చాలా మోడళ్లలో దాన్ని చల్లబరిచే గాలి వెనక సీటు దగ్గరి జాలీ నుంచే వెళ్తుంది. మొన్న ఒక కారు జాలీ విప్పితే పత్తి పీచు, ఎర్ర దుమ్ము అట్టకట్టి ఉన్నాయి, వేలు పెడితే గీత పడింది. దాని మీద సంచులు పెట్టొద్దు, ఎండాకాలం రాకముందే శుభ్రం చేయించండి.

నల్గొండ టీచర్:
మా వెనక సీటు మీద ఎప్పుడూ పిల్లల బ్యాగులే. ఇవాళే తీసి చూస్తా. స్కూల్, కూరగాయలు రెండూ ఒకే రౌండ్‌లో పెట్టుకుంటే నయమేనా?

పాలమూరు గ్యారేజ్:
చాలా నయం. ఇంజిన్ వేడిగా ఉండగానే అన్ని పనులూ చేసుకురండి.