కన్సోలు ధర తగ్గేదాకా ఆగాలా? డాలస్‌కు వస్తున్న విద్యార్థి ప్రశ్న, మన సభ్యుల సమాధానాలు (2025 డిసెంబరు)

వరంగల్ నుంచి, కొత్త సభ్యుడు

సభ్యులందరికీ నమస్కారం. నేను ఎం.ఎస్. చదవడానికి 2026 జనవరిలో డాలస్ పక్కనున్న రిచర్డ్‌సన్‌కు వస్తున్నాను. ఇంట్లో సోనీ ఆట యంత్రం (కన్సోలు) పీఎస్5 ఉంది కానీ దానిని తమ్ముడికి వదిలి వస్తున్నాను. కంప్యూటరు ఆటలు అమ్మే వాల్వ్ సంస్థ ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లోని నా ఖాతాలో రూపాయల్లో కొన్న ఆటలు చాలా ఉన్నాయి. అక్కడికి వచ్చాక చేతిలో పట్టుకొని ఆడుకొనే హ్యాండ్‌హెల్డ్ ఒకటి కొనుక్కోవాలని ఉంది. నింటెండో హ్యాండ్‌హెల్డ్ స్విచ్ 2 ధర వచ్చే ఏడాది తగ్గుతుందని కొందరు, సోనీ కొత్త హ్యాండ్‌హెల్డ్ తెస్తోంది కనుక ఆగమని కొందరు, వాల్వ్ వారి టీవీకి తగిలించే స్టీమ్ మెషీన్ చవకగా వస్తుందని మరికొందరు చెబుతున్నారు. ఆగడం మంచిదా, రాగానే కొనడం మంచిదా? పెద్దలు చెప్పగలరు.

ప్లానో నుంచి

తమ్ముడూ, సీటు వచ్చినందుకు శుభాకాంక్షలు. కాస్త వివరంగా రాస్తున్నాను, ఎందుకంటే ప్రతి ఏడాది కొత్తగా వచ్చే పిల్లలు ఇటువంటి పుకార్లను నమ్మి నెలల తరబడి ఎదురుచూడటమో, ఆత్రపడి అప్పు మీద కొనడమో చూస్తూనే ఉన్నాను.

ఎలక్ట్రానిక్ వస్తువు ఏదైనా ఏడాది ఆగితే చవకవుతుందన్న లెక్క మనందరికీ అలవాటైనదే, కన్సోళ్ల విషయంలోనూ చాలాకాలం అది నిజమైంది. 2011 మార్చిలో నింటెండో 3డీఎస్ అనే హ్యాండ్‌హెల్డ్ అమెరికాలో 249.99 డాలర్లకు వచ్చి, ఐదు నెలలు కూడా నిండకముందే, ఆగస్టులో 169.99కి దిగింది. ఆ రోజుల్లో ఆగినవారు నిజంగానే లాభపడ్డారు. ఇప్పటి తరం యంత్రాల విషయంలో మాత్రం ధర ఎదురు దిశలో నడుస్తోంది. 2020 నవంబరులో 499.99కి వచ్చిన డిస్కు డ్రైవున్న పీఎస్5 ధరను సోనీ 2025 ఆగస్టులో 549.99కి పెంచింది. మైక్రోసాఫ్ట్ కన్సోలు ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ అదే 499.99 నుంచి 2025లో రెండు విడతలుగా పెరిగి 649.99కి చేరింది. అన్నిటికంటే ఆలోచింపజేసేది పాత స్విచ్: 2017 మార్చిలో 299.99కి వచ్చిన యంత్రం ఎనిమిదేళ్లు గడిచి, దాని వారసుడు స్విచ్ 2 మార్కెట్లోకి వచ్చాక కూడా, 2025 ఆగస్టులో 339.99 అయింది, 349.99 ఉన్న ఓఎల్ఈడీ (మరింత మెరుగైన తెర) రకం 399.99 అయింది. వారసుడు వచ్చాక పాత యంత్రం ధర పెరగడం నాకు తెలిసినంతలో ఈ వ్యాపారంలో చాలా అరుదు.

దీనికి కారణాలు రెండు కనిపిస్తున్నాయి. మొదటిది దిగుమతి సుంకాలు. 2025 ఏప్రిల్ 2న నింటెండో స్విచ్ 2 ధరను 449.99 డాలర్లుగా ప్రకటించిన రోజే అమెరికా ప్రభుత్వం కొత్త సుంకాలను ప్రకటించింది. దానితో ఏప్రిల్ 9న మొదలు కావలసిన ముందస్తు బుకింగులను నింటెండో ఇక్కడ 24వ తేదీకి వాయిదా వేసి, యంత్రం ధరను అలాగే ఉంచి, విడిభాగాల ధరలను పెంచింది. రెండవది మెమరీ చిప్పుల కొరత. కృత్రిమ మేధ కోసం కడుతున్న డేటా సెంటర్లు మెమరీని పెద్ద ఎత్తున కొనేస్తున్నందువల్ల మిగిలిన పరికరాలకు దొరికే చిప్పుల ధర పెరుగుతోంది. మెమరీ చిప్పులు తయారుచేసే మైక్రాన్ సంస్థ సామాన్య వినియోగదారులకు అమ్మే క్రూషియల్ బ్రాండు వ్యాపారాన్నే మూసివేస్తున్నట్లు 2025 డిసెంబరులో ప్రకటించింది. హ్యాండ్‌హెల్డ్‌లో మెమరీ, స్టోరేజి రెండూ ఖర్చులో పెద్ద వాటాలే కాబట్టి, ఈ పరిస్థితిలో 2026లో ధరలు తగ్గుతాయని చెప్పేవారి మాట మీద నాకు నమ్మకం లేదు. పండుగ తగ్గింపులు వేరు. 2025 బ్లాక్ ఫ్రైడేకు (నవంబరు చివర్లో వచ్చే పెద్ద తగ్గింపు రోజు) పీఎస్5 మీద సోనీ 100 డాలర్లు తగ్గించింది, అటువంటివి మళ్ళీ వస్తాయి. అసలు ధర తగ్గుతుందన్న ఆశతో మాత్రం మీ ప్రణాళిక వేసుకోకండి.

ఇక పుకార్ల సంగతి. లోపలి చిప్పు ఏమిటి, తెర ఎంత పెద్దది వంటివి ముందుగా బయటపడటం ఉంది, అందులో కొన్ని నిజమవుతాయి కూడా. ధర విషయం అలా కాదు, దానిని కంపెనీలు చివరి క్షణం దాకా తమ చేతిలోనే ఉంచుకుంటాయి. పీఎస్5 నవంబరులో విడుదలైతే దాని ధరను సెప్టెంబరు మధ్యలో గానీ చెప్పలేదు. స్విచ్ 2ను 2025 జనవరిలో చూపించి, ధరను ఏప్రిల్ దాకా చెప్పలేదు. ఆసుస్, మైక్రోసాఫ్ట్ కలిసి తెచ్చిన ఆర్‌ఓజీ ఎక్స్‌బాక్స్ అలై అనే హ్యాండ్‌హెల్డ్‌ను 2025 జూన్‌లో ఆవిష్కరించి, అక్టోబరు 16న విడుదలయ్యే ముందు మూడు వారాలు ఉందనగా ధర ప్రకటించారు: మామూలు రకం 599.99, అలై ఎక్స్ 999.99. వాల్వ్ కూడా 2025 నవంబరులో స్టీమ్ మెషీన్‌ను ప్రకటించి, 2026 తొలి నెలల్లో వస్తుందని చెప్పింది, ధర మాత్రం చెప్పలేదు. తయారు చేసేవారే ధర ఖరారు చేయని వస్తువుకు బయటివారు ఇప్పుడే అంకె చెబుతుంటే, దానిని మీ బడ్జెట్టులో రాసుకోవద్దు. సోనీ హ్యాండ్‌హెల్డ్ అయితే ఇంతవరకు ప్రకటనే లేదు. సోనీ కన్సోళ్ల రూపశిల్పి మార్క్ సెర్నీ 2025 అక్టోబరులో చిప్పుల కంపెనీ ఏఎండీతో కలిసి చేస్తున్న సాంకేతిక పని గురించి మాట్లాడుతూ, అది కొన్నేళ్ల తర్వాత వచ్చే కన్సోలు కోసమని అన్నారు. ఎం.ఎస్. రెండేళ్లలో అయిపోతుంది, దాని కోసం మీరు ఆగవలసిన పని లేదు.

ఇప్పుడు మీకు ఏది తగినదో చూద్దాం. మీ ప్రశ్నలో అన్నిటికంటే ముఖ్యమైన మాట స్టీమ్ ఖాతా గురించి రాసినది. ఆ ఆటలు మీతోనే వస్తాయి. ఇక్కడికి వచ్చి ఇక్కడి కార్డుతో మొదటి కొనుగోలు చేసినప్పుడు ఖాతా దేశం అమెరికాగా మారుతుంది, అప్పటి నుంచి ధరలు డాలర్లలో కనిపిస్తాయి. ఇదివరకు కొన్నవి మాత్రం అలాగే ఉంటాయి. అందువల్ల ఎదురుచూస్తున్న ఆట ఏదైనా ఉండి, అది రూపాయల్లో చవకగా ఉంటే, విమానం ఎక్కక ముందే కొనుక్కోండి. ఈ ఖాతా ఉన్నవారికి వాల్వ్ వారి హ్యాండ్‌హెల్డ్ స్టీమ్ డెక్ అన్నిటికంటే సహజమైన ఎంపిక. ఇండియాలో వాల్వ్ దానిని అధికారికంగా అమ్మదు, ఇక్కడ నేరుగా కొనవచ్చు. 399 డాలర్లకు దొరికిన 256 జీబీ ఎల్‌సీడీ రకం తయారీని వాల్వ్ 2025 డిసెంబరులోనే ఆపివేసింది కనుక, కొత్తది కొనాలంటే ఇక 512 జీబీ ఓఎల్ఈడీయే (2025 చివర 549 డాలర్లు) మొదటి మెట్టు. వాల్వే బాగుచేసి అమ్మే రిఫర్బిష్డ్ యంత్రాలు ఉంటాయి. అవి పెట్టిన వెంటనే అయిపోతుంటాయి, అయినా ఓపికగా చూస్తూ ఉండటం మంచిది. స్టీమ్‌లో స్నేహితులతో ఆన్‌లైన్ ఆడటానికి నెలవారీ చందా కట్టనక్కరలేదన్నది విద్యార్థికి చిన్న విషయం కాదు.

స్విచ్ 2 మంచి యంత్రం. 7.9 అంగుళాల తెర, టీవీకి కలిపే డాక్ పెట్టెలోనే వస్తాయి, పాత స్విచ్ ఆటలు చాలా వరకు దానిలో ఆడతాయి. అయితే పెట్టె మీది ధరను చూసి ఆగిపోకండి. ఇక్కడ ప్రకటనల్లో చెప్పే ధరలో పన్ను కలిసి ఉండదు. టెక్సస్‌లో రాష్ట్రానికి 6.25 శాతం, స్థానికంగా మరో 2 శాతం దాకా, మొత్తం 8.25 శాతం సేల్స్ ట్యాక్సు బిల్లు వేసేటప్పుడు కలుపుతారు. అలా 2025 నాటి 449.99 కాస్తా 487.11 అవుతుంది. మారియో కార్ట్ వరల్డ్ అనే కారు పందేల ఆట ఒక్కటే 2025లో విడిగా 79.99, యంత్రంతో కలిసి వచ్చే పెట్టె 499.99; ఆ పెట్టె దొరికితే అదే మేలు. లోపలి 256 జీబీ నిండిపోతే పాత మైక్రో ఎస్‌డీ కార్డు ఆటలకు పనికిరాదు, మైక్రో ఎస్‌డీ ఎక్స్‌ప్రెస్ కార్డే కావాలి, అది ఖరీదైనది. ఆన్‌లైన్ చందా ఏడాదికి 19.99. అన్నీ కలిపితే ఒక్క ఆటతోనే 600 డాలర్ల దాకా తేలుతుంది. మీరు నింటెండో ఆటలంటే ప్రాణమిచ్చేవారైతే ఈ ఖర్చుకు అర్థం ఉంది, ఎందుకంటే ఆ ఆటలు ఇంకెక్కడా దొరకవు. లేనిపక్షంలో, చేతిలో ఇన్ని ఆటలు ఉంచుకొని కొత్త దుకాణంలో మొదటి నుంచి కొనడం ఎందుకు?

బ్యాటరీ గురించి కూడా ఒక మాట. కంపెనీలు చెప్పే లెక్క ప్రకారం స్విచ్ 2 సుమారు 2 నుంచి 6.5 గంటలు, స్టీమ్ డెక్ ఓఎల్ఈడీ 3 నుంచి 12 గంటలు వస్తాయి. పెద్ద ఆటలు ఆడేవారు ఆ మొదటి అంకెనే నమ్మాలి. బరువులో స్విచ్ 2 సుమారు 534 గ్రాములు, డెక్ 640, అలై ఎక్స్ 715. పడుకొని ఆడే అలవాటు ఉంటే ఈ తేడా చేతికి తెలుస్తుంది, వీలైతే దుకాణంలో ఒకసారి పట్టుకొని చూడండి.

సెకండ్ హ్యాండ్ కొనాలనుకుంటే భయపడనక్కరలేదు గానీ, పరీక్షించకుండా డబ్బు ఇవ్వకండి. అమ్మేవారిని పగటిపూట జనం తిరిగే చోట, వైఫై ఉన్న కాఫీ షాపులో కలవండి. ముందు యంత్రం ఆన్ చేసి, సెట్టింగ్స్‌లో స్టిక్కు పరీక్ష తెరిచి, బొటనవేలితో తిప్పే రెండు స్టిక్కుల మీద నుంచి వేళ్లు పూర్తిగా తీసేయండి. తెరపై చుక్క మధ్యలో నిలవకుండా ఒక పక్కకు జారుతుంటే అది డ్రిఫ్ట్, ఆ యంత్రం వద్దు. తర్వాత ఛార్జరు పెట్టి ఛార్జింగు ఎక్కుతుందో లేదో, డాక్ ఉంటే అది సరిగా కూర్చుంటుందో లేదో చూడండి. స్విచ్ 2 అయితే తప్పనిసరిగా వైఫైకి కలిపి నింటెండో ఆన్‌లైన్ దుకాణం ఈషాప్ తెరిపించండి. నకలు కార్డులు వాడిన యంత్రాలను నింటెండో ఆన్‌లైన్ సేవల నుంచి నిషేధిస్తుంది, ఆ నిషేధం యంత్రానికే అంటుకొని ఉంటుంది, మీ ఖాతా ఎంత శుభ్రమైనదైనా తొలగదు. చివరగా పాత యజమాని తన ఖాతాను తీసివేసి, ఫ్యాక్టరీ రీసెట్ చేసేదాకా అక్కడే ఉండండి.

డబ్బు గురించి అన్నగా చెబుతున్నాను. వచ్చిన మొదటి నెలలో అపార్టుమెంటు డిపాజిట్టు, పరుపు, పుస్తకాలు, చలికోటు అన్నీ ఒకేసారి మీద పడతాయి. దుకాణంలో బిల్లు కట్టేటప్పుడు నాలుగు వాయిదాల్లో కట్టవచ్చని ఊరిస్తారు. క్రెడిట్ చరిత్ర ఇంకా మొదలే కాని సమయంలో ఒక ఆట యంత్రం కోసం వాయిదాలు తలకెత్తుకోవద్దు. క్యాంపస్ ఉద్యోగం దొరికి, రెండు జీతాలు చేతికి వచ్చాక కొనండి. నేను ఆగమనేది అంతవరకే.

సియాటిల్ నుంచి

పై సమాధానంతో నేను ఏకీభవిస్తున్నాను, ఒక్క విషయం చేర్చుతాను. జపాన్‌లో ఉన్న బంధువుల చేత స్విచ్ 2 తెప్పించుకుంటే చవక అని మీకు ఎవరైనా చెప్పవచ్చు. అక్కడ 2025లో 49,980 యెన్లకు అమ్మే రకంలో జపనీస్ భాష తప్ప మరొకటి ఉండదు, జపాన్ దేశానికి చెందిన నింటెండో ఖాతాతో మాత్రమే అది పనిచేస్తుంది. అన్ని భాషలున్నది అక్కడ కూడా 2025లో 69,980 యెన్లు, అంటే ఇక్కడికంటే పెద్దగా కలిసివచ్చేదేమీ లేదు. దయచేసి ఆ మొదటి రకం కొనిపించుకోకండి, వాపసు చేయడం కూడా కష్టమే.

వరంగల్ నుంచి, కొత్త సభ్యుడు

అన్నగారికీ అక్కగారికీ కృతజ్ఞతలు. ఇంకొక సందేహం. సోనీ వారి ప్లేస్టేషన్ పోర్టల్ 2025లో 199.99 డాలర్లే అంటున్నారు. ఇంట్లో ఉన్న పీఎస్5ను దానితో రిచర్డ్‌సన్‌లో కూర్చొని ఆడవచ్చా?

ప్లానో నుంచి

కనెక్ట్ అవుతుంది, కానీ చాలా ఆటలు సరిగా ఆడలేరు. పోర్టల్ తనంతట తాను ఆటను నడపదు. ఆట మీ పీఎస్5లోనే నడుస్తుంది, దాని బొమ్మ ఇంటర్నెట్ మీదుగా ఈ తెరకు వస్తుంది, మీరు నొక్కిన బటన్ తిరిగి అక్కడికి వెళ్తుంది. వరంగల్‌కూ డాలస్‌కూ మధ్య ఉన్న దూరం వల్ల మీరు నొక్కిన తర్వాత కదలిక కనిపించేలోగా ఆలస్యం స్పష్టంగా తెలుస్తుంది; నింపాదిగా ఆడే పజిల్ ఆటలు నడవవచ్చు గానీ, క్రికెట్టో ఫుట్‌బాలో కాల్పులో అయితే కుదరదు. పైగా మీరు ఆడుతున్నంతసేపు తమ్ముడు దానిని వాడలేడు, అక్కడ కరెంటు పోతే మీ ఆట కూడా పోతుంది. 2025 నవంబరులో సోనీ పోర్టల్‌కు క్లౌడ్ స్ట్రీమింగ్ (ఆటను సోనీ కంప్యూటర్ల మీదే నడిపే సేవ) ఇచ్చింది, దానికి సోనీ వారి పీఎస్ ప్లస్ ప్రీమియం చందా కట్టాలి, ఆ సేవ ఇండియాలో లేదు. మీ ఖాతా ఇండియాలో తెరిచినదైతే దేశం మార్చుకొనే వీలు సోనీ ఇవ్వలేదు కనుక, ఇక్కడ కొత్త ఖాతా తెరిచి ఆటలు మళ్ళీ కొనవలసి వస్తుంది.

దానికి బదులు మీ దగ్గర పీఎస్5తో వాడే డ్యుయల్‌సెన్స్ కంట్రోలర్లు రెండు ఉంటే ఒకటి వెంట తెచ్చుకోండి. అది బ్లూటూత్‌తో స్టీమ్ డెక్‌కు కలుస్తుంది, హాల్లోని టీవీకి డెక్ తగిలించి రూమ్మేట్లతో ఆడుకోవచ్చు. బ్యాటరీ ఉన్న వస్తువు కాబట్టి దానిని చేతిసంచిలోనే పెట్టుకోండి. డెక్‌ను ఆన్‌లైన్‌లో ఆర్డరు పెట్టేముందు మీ అపార్టుమెంటు ఆఫీసువారు పార్సిళ్లు తీసుకొని దాచిపెడతారో లేదో కనుక్కోండి. గుమ్మం ముందు వదిలి వెళ్లే పద్ధతి అయితే, అందుకునేవారు ఇంట్లో ఉండే చిరునామా ఇవ్వండి. కావాలంటే మా ఇంటికి తెప్పించుకోవచ్చు, శనివారం వచ్చి తీసుకువెళ్లండి.