పెళ్లి వీడియోలకు పాత 5డీ మార్క్ 4 కొనొచ్చా?

ఫొటోలు, వీడియోలు రెండిటికీ ఒకే కెమెరా బాడీ కావాలి. తయారీ ఆగిపోయిన కెనాన్ 5డీ మార్క్ 4 (2016 మోడల్) ఒకటి 70 వేలకు ఇస్తామంటున్నారు, షట్టర్ కౌంట్ (ఇప్పటిదాకా షట్టర్ పడిన సార్లు) 92 వేలు.

అద్దెకు తెచ్చి ఒక నిశ్చితార్థం తీశాను. ఫొటోలకు వంక పెట్టలేను, దీపాల వెలుగులోనూ ఒంటి రంగు సహజంగా వచ్చింది. ఇబ్బందంతా 4కే (ఫుల్ హెచ్‌డీ కంటే ఎక్కువ స్పష్టత ఉండే) వీడియోలోనే. ఫ్రేమ్ 1.74 రెట్లు క్రాప్ అవుతోంది, అంటే అంచులు తెగి దృశ్యం ఇరుకవుతోంది. 24 ఎంఎంలో కూడా జంట పడితే పంతులుగారు ఫ్రేమ్ బయటే! 64 జీబీ కార్డు 17 నిమిషాల్లో నిండిపోయింది. ఫుల్ హెచ్‌డీకి మారిస్తే క్రాప్ లేదు కానీ పట్టుచీర జరీ అలుక్కుపోయినట్టుంది. ఇంకా వెడల్పుగా చూపే 16-35 ఎంఎం లెన్స్ పెడితే 4కేలో ఫ్రేమ్ సరిపోయింది, అయితే దాని ఖర్చు వేరు.

దీంతో పెళ్లి వీడియోలు తీస్తున్నవాళ్లు చెప్పండి, ఇంకో మూడేళ్లు దీన్ని నమ్ముకుని పని ఒప్పుకోవచ్చా?