ఆసక్తి కోసం 34 ఏళ్ళకు ఉద్యోగం మానేయడం తప్పా?

తాడిపత్రి_రాయి
బెంగళూరు వచ్చి 11 ఏళ్ళయింది. మారతహళ్ళిలో ఉంటాం. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాను. ఫ్లాట్ లోన్ ఇంకా 14 ఏళ్ళు కట్టాలి, పాప రెండో తరగతి. మా నాన్న తాడిపత్రిలో బండల పాలిష్ ఫ్యాక్టరీలో పనిచేసేవారు. అన్నం తీసుకెళ్ళినప్పుడల్లా కోసిన రాళ్ళ పక్కన కూర్చుని పొరలు లెక్కపెట్టేవాణ్ణి. తర్వాత ఇంజినీరింగు, ఉద్యోగం, అన్నీ మర్చిపోయాను.

రెండేళ్ళ క్రితం లాల్‌బాగ్‌లో కెంపేగౌడ గోపురం ఉన్న బండ దగ్గర బోర్డు చదివాను. ఆ రాయి వయసు దాదాపు 300 కోట్ల ఏళ్ళట! అప్పట్నుంచి రాత్రిళ్ళు జియాలజీయే చదువుతున్నాను. తిరుమల ఘాట్ రోడ్డు పక్కన కూడా ఒక చోటుంది. కింద గ్రానైటు, దాని మీద క్వార్ట్‌జైటు. ఆ రెండింటికీ మధ్య కోట్ల ఏళ్ళ కాలానికి అక్కడ రాతిలో ఆనవాలే లేదు. ఎన్నిసార్లు కొండెక్కానో, ఒక్కసారీ చూడలేదు.

ఉద్యోగం మానేసి ఇదే చదవాలని ఉంది. ఇంట్లో టెన్షన్ మొదలైంది. నాకు కావలసింది నిజంగా ఇదేనని ఎలా తెలుస్తుంది?

వైట్‌ఫీల్డ్_నాన్న
సోదరా, మానకండి. నాకూ ఇద్దరు పిల్లలు. మనకు నచ్చినా నచ్చకపోయినా పొద్దున్నే లేచి వెళ్ళడం వల్లే వాళ్ళకి రేపు ఏం చదవాలో ఎంచుకునే వీలు దొరుకుతుంది. అది చిన్న విషయం కాదు. మీ నాన్నగారు కూడా ఆ దుమ్ములో అందుకే నిలబడి ఉంటారు.

మల్లేశ్వరం_మేడ
ఇదే ఊళ్ళో ఉన్న సి.వి. రామన్ గారి సంగతి చూడండి. 1907లో కలకత్తాలో ప్రభుత్వ ఆర్థిక శాఖలో అధికారిగా చేరారు. ఆఫీసు అయ్యాక సాయంత్రాలు ఒక సైన్సు సంస్థలో ప్రయోగాలు చేసుకునేవారు. అలా పదేళ్ళు. 1917లో తక్కువ జీతానికి ప్రొఫెసర్‌గా వెళ్ళారు. అంటే వదిలారు, కానీ పదేళ్ళు తనను తాను పరీక్షించుకున్నాక వదిలారు. 1948లో ఇక్కడ ఆయన పెట్టిన సంస్థలో ఆయన పోగుచేసిన రాళ్ళు, ఖనిజాలు కూడా ఉన్నాయి. మీకు నచ్చుతాయి.

వైట్‌ఫీల్డ్_నాన్న
మేడ గారూ, రామన్ గారు ఉద్యోగంలో చేరేటప్పటికే మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో ఫిజిక్స్ ఎం.ఏ. చదివి ఉన్నారు. ఈయన మొదటి నుంచి మొదలుపెట్టాలి. పైగా సిల్క్ బోర్డ్ ట్రాఫిక్‌లో రోజుకు మూడు గంటలు పోయాక సాయంత్రం అనేది ఎక్కడ మిగులుతుంది? గొప్పవాళ్ళ జీవితాలు మామూలు ఇళ్ళకు కొలతలు కావు.

చిరుధాన్యాల_అక్క
తమ్ముడూ, నేను మానేసినదాన్ని. 2019లో ఉద్యోగం వదిలి బీటీఎం లేఅవుట్‌లో కొర్రలు, జొన్నలతో టిఫిన్ సెంటర్ పెట్టాను. 14 నెలలకు మూసేశాను. కరోనా దెబ్బ తీసింది, నిజమే. కానీ అంతకు ముందే నాకు అర్థమైపోయింది. నలుగురికి వండి పెట్టి వాళ్ళ మొహాలు చూడటం నాకు ఇష్టం. తెల్లవారుజామున మూడింటికి పిండి రుబ్బడం, గ్యాస్ బిల్లు, పనివాళ్ళు రాకపోవడం, ఇవేవీ ఇష్టం కాదు. అసలు ఆ రోజుల్లో నేను పారిపోయింది మా మేనేజర్ నుంచి. వంట దగ్గరికి వెళ్తున్నానని అనుకున్నాను.

కాబట్టి ఒక్కటి అడుగుతాను, కోపం తెచ్చుకోకు. రేపు మీ ఆఫీసులో అంతా చక్కబడితే కూడా ఆదివారం ఆ బండ దగ్గరికి వెళ్తావా? ఎండలో సర్వే, గంటల కొద్దీ మైక్రోస్కోపు, రిపోర్టులు రాయడం, వాటి మీద కూడా మనసుందా, లేక బోర్డు చదివినప్పటి ఆశ్చర్యం మీదేనా?

పటాల_పిచ్చి
ఒక అడ్డంకి ఎవరూ చెప్పలేదు. చాలా యూనివర్సిటీల్లో ఎంఎస్సీ జియాలజీకి డిగ్రీలో జియాలజీ ఉండాలి. బీటెక్ కంప్యూటర్స్‌తో నేరుగా కుదరకపోవచ్చు, రాజీనామాకి ముందే కనుక్కోండి. డెహ్రాడూన్‌లో ఇస్రో వాళ్ళ ఐఐఆర్‌ఎస్ అనే సంస్థ రిమోట్ సెన్సింగ్ (ఉపగ్రహ చిత్రాలతో నేలను చదవడం), జీఐఎస్ (కంప్యూటర్‌లో పటాల పని) కోర్సులు ఆన్‌లైన్‌లో ఉచితంగా చెబుతుంది. ఐఐటీల వాళ్ళ ఆన్‌లైన్ పాఠాల సైటు ఎన్‌పీటీఈఎల్‌లో జియాలజీ పాఠాలున్నాయి. క్యూజీఐఎస్ అని పటాలు గీసే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, దాంట్లో తప్పులు పట్టి చెప్పేవాళ్ళు ఎప్పుడూ కావాలి. అంటే మీ 11 ఏళ్ళ టెస్టింగ్ వృథా కాదు, రాళ్ళ పనికే అది దారి కావచ్చు.

తాడిపత్రి_రాయి
అక్కా, మీ ప్రశ్నకు రెండు రోజులు జవాబు దొరకలేదు. ఈ ఏడాది అప్రైజల్ బాగా రాలేదు, ఆ మంట ఇందులో ఉంది. ఒప్పుకుంటున్నాను. కానీ అప్రైజల్ బాగా వచ్చిన నిరుడు కూడా ఆ బండ మీదే ఉన్నాను.

రాజీనామా రాయడం లేదు. నాలుగు రోజులు ఇంటి నుంచి పనే కాబట్టి నాకు సాయంత్రాలు ఉన్నాయి. మా ఊరి చుట్టూ ఉన్న నాపరాతి గనుల పటం క్యూజీఐఎస్‌లో గీయడం మొదలుపెడతాను. సంక్రాంతికి వెళ్ళినప్పుడు నాన్నని తీసుకెళ్ళి ఏ గనిలో ఏ రాయో అడిగి రాసుకోవాలి. ఆయనకు తెలిసినంత నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు. పటం పూర్తయ్యేదాకా విసుగు పుట్టకపోతే అప్పుడు మళ్ళీ ఇక్కడికే వచ్చి అడుగుతాను.

వైట్‌ఫీల్డ్_నాన్న
ఈ మాట నాకు నచ్చింది, కానీ లోన్ విషయంలో నా అభిప్రాయం మారలేదు. ఆదివారం మా పిల్లల్ని లాల్‌బాగ్ బండ దగ్గరికి తీసుకొస్తాను. ఆ రాతి మీద చారలు ఎలా వచ్చాయో వాళ్ళకు చెబుతారా?

తాడిపత్రి_రాయి
తప్పకుండా అన్నా. ఏడింటికి, గోపురం కింద.