అప్‌డేట్: ఎంబీఏ మధ్యలో మానేయాలా అని అడిగాను, మానలేదు

ఉద్యోగం వదిలి రెండేళ్ల ఎంబీఏలో చేరి, మొదటి టర్మ్‌లోనే గ్రేడ్లు పడిపోవడంతో చదువు మానేయాలా అని ముందటేడు మిమ్మల్ని అడిగాను. మానలేదు, గత నెలలో పట్టా అందుకున్నాను. మీలో ఒకరు సూచించినట్లు, కట్టిన ఫీజు ఎలాగూ తిరిగి రాదు కనుక దానిని లెక్కలోంచి తీసేసి, మిగిలిన కాలానికి అయ్యే ఖర్చును, దానివల్ల కలిగే ప్రయోజనాన్ని మాత్రమే పోల్చి చూశాను. (సంక్ కాస్ట్ అనే ఈ సూత్రాన్ని పరీక్షలో సరిగ్గానే రాశాను, నా విషయంలోనే గుర్తు రాలేదు.) తోటి విద్యార్థుల మార్కులతో పోల్చి గ్రేడ్లు ఇచ్చే రిలేటివ్ గ్రేడింగ్‌లో అందరూ బాగా చదివినా కొందరు కింద ఉండక తప్పదని అర్థమయ్యాక, ఇంటర్ ర్యాంకుల నాటి నుంచి మోస్తున్న భయం కొంత తగ్గింది. విద్యారుణంపై చదువుకునే కాలంలోనూ వడ్డీ పెరుగుతూనే ఉంటుందని నాన్నగారికి ముందే చెప్పవలసింది. చివరి టర్మ్ వరకు దాచినందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.