రెండు ప్యానెళ్ల ఫైల్ మేనేజర్లలో ఏది మేలు?

ప్రశ్న, బరంపురం నుంచి:
మాది చిన్న ఫోటో స్టూడియో. మెమరీ కార్డులోని పెళ్లి ఫోటోలను హార్డ్ డిస్కులోకి ఎక్కించేటప్పుడు, రెండు కిటికీలు తెరిచి మౌస్‌తో లాగుతూ, పోయిన వారం తలంబ్రాల ఫోల్డర్‌ను పొరపాటున పక్క ఫోల్డర్‌లో జారవిడిచి గంటసేపు వెతికాను. విండోస్, లినక్స్ రెండింటిలోనూ పనిచేసేది ఏదైనా సూచించగలరా?

జవాబు, రాయగడ నుంచి:
డబుల్ కమాండర్ వాడి చూడండి. ఒకే కిటికీలో రెండు ఫోల్డర్లను పక్కపక్కన రెండు ప్యానెళ్లలో చూపే ఫైల్ మేనేజర్ ఇది; విండోస్, లినక్స్ రెండింటిలోనూ పనిచేస్తుంది. ఉచితం, ఓపెన్ సోర్స్. ఎడమవైపు కార్డును, కుడివైపు డిస్కును తెరిచి, ట్యాబ్ కీతో అటూఇటూ మారుతూ, ఎఫ్5తో కాపీ, ఎఫ్6తో తరలింపు చేయవచ్చు. ఫైళ్లు ఏ ఫోల్డర్‌లోకి వెళ్తాయో ముందే చూపి అడుగుతుంది కనుక జారవిడిచే బెడద ఉండదు. ఈ పద్ధతి 1986 నాటి నార్టన్ కమాండర్ నుంచి వచ్చిన వారసత్వం. కార్డు మీద మాత్రం ఎఫ్6 నొక్కకండి. తరలింపు మధ్యలో కరెంటు పోతే ఫోటోలు పాడయ్యే ప్రమాదం ఉంది; మన వైపు కరెంటు సంగతి మీకు చెప్పనక్కరలేదు.

జవాబు, పర్లాకిమిడి నుంచి:
1993లో మొదలైన టోటల్ కమాండర్ కూడా గట్టిదే గాని, డెస్క్‌టాప్‌లో అది విండోస్‌కే పరిమితం, పైగా షేర్‌వేర్, అంటే కొన్నాళ్లు ఉచితంగా వాడి చూశాక కొనుక్కోవాల్సినది. మా డీటీపీ పనిలో తెలుగు, ఒడియా పేర్లున్న ఫైళ్లను నేను డబుల్ కమాండర్‌లోనే సర్దుతాను. కంట్రోల్‌తో ఎం నొక్కి వందల ఫోటోలకు ఒకేసారి వరుస సంఖ్యలతో పేర్లు పెట్టవచ్చు. కార్డును ఫార్మాట్ చేసే ముందు, రెండు ఫోల్డర్లను సరిపోల్చే సదుపాయంలో ఫైళ్ల లోపలి సమాచారాన్ని కూడా పోల్చమని గుర్తు పెట్టండి. ఆలస్యమవుతుంది, అయినా తప్పదు.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ. రేపటి నామకరణం ఫోటోలతోనే మొదలుపెడతాను.